చదవని తీర్పు

మా అమ్మా, పెద్దమ్మా ఒక తల్లి పిల్లలంటే కొత్తవాళ్ళు నమ్మరు. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. పెద్దమ్మ ఎప్పుడు చూసినా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుంది. నాది అమ్మ పోలిక. అందుకే ఈ సంగతి మీదాకా వస్తోంది. అయినా ఇప్పుడు చెబితే నొచ్చుకునేవాళ్ళెవరూ మిగల్లేదు, పెద్దమ్మ తప్ప. ఆవిడ నొచ్చుకున్నా పైకి అనదు.

పెద్దమ్మ సివిల్ కోర్టులో స్టెనోగా చేసింది. జడ్జిగారు ఛాంబర్లో అటూ ఇటూ నడుస్తూ తీర్పు చెబుతుంటే షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, పక్క గదిలోకి వెళ్ళి టైపు చేసేది. ఆయన దిద్దితే మళ్ళీ టైపు చేసేది. మర్నాడో ఆ మర్నాడో ఆయన బెంచి మీద కూర్చుని దాన్ని చదివేవారు. అప్పటిదాకా ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే: ఒకరు జడ్జిగారు, రెండోవారు మా పెద్దమ్మ. లక్షణమైన కాపురాలు కూల్చే మాటలు, నిలబెట్టే మాటలు ఆవిడ వేళ్ళలోంచి వెళ్ళేవి. ఆ వేళ్ళతోనే సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీసుకుని, స్టవ్ వెలిగించుకుని, ఒక్క మనిషికి సరిపడా వండుకునేది.

వీధిలోవాళ్ళు ఆవిడకి పెట్టిన పేరు తాళంకప్ప. పెళ్ళి చేసుకోలేదు. అమ్మమ్మ ఆ మాట ఎత్తినప్పుడల్లా "వచ్చే వాయిదాకి చూద్దాంలే అమ్మా" అనేదట. వాయిదాలు పడీ పడీ ఆ కేసు ఎప్పుడో మూతపడింది. శుభకార్యాలకి వెళ్ళడం కూడా మానేసింది. ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరికి ఏదో ఒక దావా ఉంటుంది. కుశలప్రశ్నలు అయ్యీ అవగానే కుర్చీ దగ్గరికి జరుపుకుని, "మాది ఏమవుతుందంటావు?" అని మొదలెడతారు. చెప్పనంటే పొగరు అంటారు. దాంతో పిలుపులే తగ్గాయి. మధ్యాహ్నం గోడకి అటు జడ్జిగారు, ఇటు పెద్దమ్మ, ఎవరి డబ్బా వాళ్ళు విప్పుకుని తినేవారు. జడ్జిగారికీ స్నేహితులు లేరు. పాత ప్లీడరు మిత్రులతో టీ తాగినా సరే, "ఏదో కుదిరింది" అనుకునే ఊరాయె.

పెద్దమ్మకి ఉన్న ఒకే ఒక్క స్నేహం ఎదురింటి టైలరమ్మ.

సైకిల్ షాపు మీది గదిలో పెద్దమ్మ అద్దెకుండేది. వీధికి అటువైపు చిన్న పెంకుటిల్లు. ముందు వసారాలో, కిటికీ పక్కన కుట్టు మిషను. టైలరమ్మ భర్త పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. పెద్దమ్మ కోర్టు నుంచి రాగానే బట్టలు మార్చుకుని అక్కడికి వెళ్ళేది. స్టూలు మీద కూర్చుని గుండీలు కుట్టేది, పోగులు తీసేది. టైలరమ్మ మాట్లాడుతూనే ఉండేది. పెద్దమ్మ ఊ కొట్టేది. "వదినా, నీతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టే ఉంటుంది. కాకపోతే గోడ గుండీలు కుట్టదు" అని నవ్వేది టైలరమ్మ. ఆ మాటకి పెద్దమ్మ కూడా నవ్వేదట. నేను మాత్రం పెద్దమ్మ పళ్ళు చూసిన గుర్తు లేదు.

తీర్పు రాసుకున్న రోజు మాత్రం పెద్దమ్మ వెళ్ళేది కాదు. ఆ తీర్పు చదివేదాకా ఎవరి మొహం చూడకూడదని తనకు తానే నియమం పెట్టుకుంది. కేసు ఎవరిదైనా సరే, ఏ మూలదైనా సరే, ఆ సాయంత్రం గది తలుపు వేసుకునేది. ఎవరైనా తడితే లోపల్నుంచే "తలనొప్పి" అనేది. ఆ నియమం సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే తలుపు వేసినప్పుడల్లా తీర్పు సిద్ధంగా ఉందని వీధి వీధంతా తెలిసిపోతుంది కదా. టైలరమ్మకి కూడా తెలియదు. "పాపం, వదినకి పార్శ్వపు నొప్పి" అనుకునేది.

ఇలా ఉండగా టైలరమ్మ ఇంటి మీదే దావా పడింది.

వేసింది ఆమె బావగారు, అంటే భర్తకి అన్నగారు. ఇల్లు వాళ్ళ నాన్నది. ముసలాయన మంచాన పడితే పెద్దకొడుకు తొంగి కూడా చూడలేదు. చేసిందంతా ఈ కోడలే. తినిపించింది, తుడిచింది, పుళ్ళు కడిగింది. మిషను పక్కనే ఆయన మంచం. ఒక కాలు మిషను మీద, ఒక చెయ్యి ఆయన మీద. "నేను ఉన్నంత కాలం నన్ను చూసుకో, ఈ ఇల్లు నీది" అని ఆయన తాళాలూ ఇంటి కాగితాలూ ఆమె చేతిలో పెట్టాడు. కట్టు కట్టడానికి వచ్చే కాంపౌండరు అది కళ్ళారా చూశాడు. ఆయన పోయాక బావగారు వచ్చి, "దిక్కులేనిదని మా నాన్న ఉండనిచ్చాడు, ఇప్పుడు నేను ఉండనివ్వను" అన్నాడు. తాడో పేడో కోర్టులోనే తేల్చుకుందామన్నాడు. వాళ్ళ ప్లీడరు నిండు కోర్టులో అన్న మాట టైలరమ్మ గుండెల్లో దిగబడిపోయింది: "ఊరికే తిండి తిని పడి ఉన్న మనిషి, అయ్యా. దయతో ఇచ్చిన నీడని హక్కంటోంది."

ఆ రోజు సాయంత్రం టైలరమ్మ మిషను తొక్కలేదట. "ఊరికే తిన్నానా వదినా?" అని అడిగిందట. పెద్దమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ ఉండిపోయింది. కేసు నడుస్తున్నంత కాలం ఆ కేసు గురించి ఒక్క అక్షరం మాట్లాడకూడదని ఇద్దరూ ముందే అనుకున్నారు.

పెద్దమ్మ ఇదంతా చెబుతుంటే నాకు ఇక్కడే మొదటిసారి ఒళ్ళు మండింది. "లేదు అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?" అన్నాను.

"అది సాక్ష్యమవుతుందే. సాక్షులు చెప్పాలి, నేను కాదు" అంది పెద్దమ్మ.

వాదనలు అయిపోయాయి. తీర్పుకి తేదీ పడింది. ఆ వారంలోనే బావగారు పండ్ల బుట్ట పట్టుకుని పెద్దమ్మ గదికి వచ్చాడు. "ఊరికే, పలకరించి పోదామని" అన్నాడు. పెద్దమ్మ గడప అవతలే నిలబెట్టి, "నాకు పండ్లు పడవండీ" అని తలుపు వేసింది. మెట్లు దిగుతూ ఆయన ఏవో తిట్లు తిట్టుకున్నాడు. అవి ఇక్కడ రాయను.

జడ్జిగారు డిక్టేషన్‌కి పిలిచినప్పుడు పెద్దమ్మ పుస్తకం తెరవలేదు. "సార్, ఆవిడ నాకు స్నేహితురాలు. దీన్ని ఇంకెవరికైనా ఇప్పించండి" అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంకో స్టెనో కాన్పు సెలవులో ఉంది కదమ్మా. అయినా చేతులు మీవి, తీర్పు నాది. నేను చదివేదాకా మీ ముఖం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి" అన్నారు.

మొదటిరోజు తీర్పు టైలరమ్మకి వ్యతిరేకంగా నడిచింది. పై కోర్టు తీర్పొకటి ఉంది: యజమాని అనుమతితో ఉంటున్న మనిషి ఎన్నేళ్ళున్నా ఆ ఇంటి మీద హక్కు పుట్టదని. జడ్జిగారు అది చదివించుకున్నారు. దాని ప్రకారం చెప్పుకుంటూ పోయారు. పెద్దమ్మ రాసుకుంటూ పోయింది. షార్ట్‌హ్యాండ్ గీతలు కాబట్టి సరిపోయింది గానీ అక్షరాలైతే చెయ్యి ఆడేది కాదంది. ఉన్నట్టుండి ఆయన కిటికీ దగ్గర ఆగిపోయారు. "అనుమతి అంటే ఏమిటమ్మా? ఏమీ తీసుకోకుండా ఇచ్చేది కదూ. ఇక్కడ ముసలాయన ఏమీ తీసుకోలేదా?" అన్నారు. పెద్దమ్మని కాదు, ఆయన్ని ఆయనే అడుక్కున్నారు. తర్వాత, "ఇది వద్దు. రేపు మళ్ళీ మొదలుపెడదాం" అన్నారు.

మర్నాడు వచ్చేసరికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పై కోర్టు మాటని కాదనలేదు. అది ఊరికే ఉండనిచ్చిన మనుషులకి వర్తిస్తుందనీ, ఇక్కడ ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందనీ, కాంపౌండరు సాక్ష్యాన్ని నమ్ముతున్నాననీ ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు. చివర్లో ఆగి, నెమ్మదిగా చెప్పారు. పెద్దమ్మకి అది ఇవాళ్టికీ కంఠతా వచ్చు.

"మంచాన పడిన మనిషిని ఏళ్ళ తరబడి చూసుకున్న చేతులకు ఇచ్చినది దయ కాదు. అది ఆ చేతులు సంపాదించుకున్నది. దయను వెనక్కి తీసుకోవచ్చు. సంపాదనను తీసుకోలేరు."

దావా కొట్టేశారు. ఇల్లు టైలరమ్మదే.

ఆ సాయంత్రం పెద్దమ్మ వీధిలోకి వచ్చేసరికి కిటికీ పక్కన మిషను చప్పుడవుతోంది. తల వంచుకుని మెట్లెక్కేసింది. లోపలికెళ్ళి గడియ పెట్టుకుని, మంచం మీద కూర్చుని నవ్వుకుందట, ఏడ్చిందట, రెండూ కలిపి. "ముఖం నిండా తీర్పే ఉందే. వెళితే ఒక్క క్షణంలో చదివేసేది" అంది నాతో.

కాసేపటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. తలుపు తట్టిన చప్పుడు.

"వదినా, నేను."

పెద్దమ్మ మంచం మీంచి లేవలేదు.

"తీర్పేమిటని అడగను, ఒట్టు. బావగారు మనుషుల్ని పంపించాడు. రాజీకి వస్తానంటున్నాడు. ఇల్లు ఆయనకి వదిలేస్తే వెనక గది నేను బతికున్నంత కాలం నాదంట. రేపు తీర్పు చదివితే ఆ మాట కూడా ఉండదంట. పొద్దున్నే చెప్పాలి. ఒప్పుకోనా, ఆగనా?"

పెద్దమ్మ లేచి తలుపు దాకా వచ్చింది. గడియ మీద చెయ్యి కూడా వేసింది. ఆగు. ఒక్క మాట. దాన్ని చెప్పడానికి నోరు కూడా పూర్తిగా తెరవక్కర్లేదు. కానీ అదే తలుపు బావగారికి మూసింది. జడ్జిగారు తన ముఖాన్ని తన దగ్గరే ఉంచుకోమన్నారు. ఇన్నేళ్ళుగా ఎవరెవరి కన్నీళ్ళకో తెరవని గడియ ఇది. స్నేహితురాలికని తెరిస్తే అంతకుముందు మూసిందంతా వట్టి బిగువే అవుతుంది.

"నాకు తలనొప్పిగా ఉంది వదినా. మీ ప్లీడరుని అడుగు" అంది.

అవతల్నుంచి, "సరే వదినా. నాకర్థమైంది. పడుకో" అని వినిపించింది. మెట్లు దిగిన చప్పుడు.

ఏమర్థమైందో పెద్దమ్మకి అప్పుడు తోచలేదు. మర్నాడు కోర్టు హాల్లో ఇద్దరు ప్లీడర్లూ కలిసి నిలబడి "రాజీ కుదిరింది సార్" అన్నప్పుడు తోచింది. మంచి వార్తయితే వదిన ముఖం చాటేస్తుందా? రోజూ వచ్చే మనిషి సరిగ్గా తీర్పు ముందే తలుపేసుకుందంటే, నోటితో చెప్పలేక అలా చెప్పిందనుకుంది టైలరమ్మ. ఊరికంతటికీ ఒకటే అని పెద్దమ్మ పెట్టుకున్న నియమం, ఆమె ఒక్కదానికి మాత్రం కబురైపోయింది. అదీ తప్పుడు కబురు.

జడ్జిగారి ముందు తీర్పు ఉంది. ఆయన దాని మీద చెయ్యి పెట్టి, టైలరమ్మని దగ్గరికి పిలిచారు.

"ఇది మీ ఇష్టప్రకారమేనా అమ్మా? ఎవరైనా ఒత్తిడి పెట్టారా?"

"లేదండీ."

"తీర్పు ఈ రోజే అని తెలుసు కదా?"

"తెలుసండీ."

"తొందరేం లేదు. మధ్యాహ్నం దాకా సమయం ఇస్తాను. ఇంకోసారి ఆలోచించుకోండి."

బావగారి ప్లీడరు గభాలున లేచాడు. "క్షమించాలి సార్. ఇద్దరూ ఒప్పుకున్నాక ఆలోచించుకోమంటే, తీర్పేమిటో ఆవిడకి చెప్పినట్టే అవుతుంది" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. నాకు ఆ ప్లీడరంటే ఒళ్ళు మంటే గానీ, ఆ మాటలో మాత్రం తప్పు లేదు. రాజీ పడే హక్కు కక్షిదారులది. అది చట్టానికి విరుద్ధం కానంత వరకు జడ్జి కాదనలేడు.

టైలరమ్మ, జడ్జిగారి బెంచికి దిగువన కూర్చున్న పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ తన పెన్సిలు మొన వైపు చూసింది.

"ఆలోచించుకునే వచ్చానండీ" అంది టైలరమ్మ.

రాజీ నమోదు చేయమన్నారు. పెద్దమ్మే టైపు చేసింది. ఛాంబర్లోకి వెళ్ళాక జడ్జిగారు తీర్పు కాగితాలు రెండుగా చింపి, "కంప్యూటర్లోదీ తీసేయండి. చదవని తీర్పు తీర్పు కాదు" అన్నారు. పెద్దమ్మ తలుపు దాటబోతుంటే, "చాలా ఏళ్ళకి ఒక మంచి వాక్యం రాశాననుకున్నానమ్మా" అన్నారు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదట.

ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు, పత్రికల వాళ్ళు ఆయన మీద పడ్డారు. దిక్కులేని ఆడమనిషిని ఏళ్ళ తరబడి తిప్పించి, చివరికి తీర్పు రాయడానికి బద్ధకించి రాజీకి తోశాడని రాశారు. ప్లీడర్ల క్యాంటీన్లో అవే జోకులు. వీధిలో అయితే బావగారి దగ్గర డబ్బు తినేశాడనే అన్నారు. జడ్జి పత్రికలకి జవాబు రాయకూడదు. ఆయన రాయలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పిన చప్పుడు కూడా గోడ అవతల్నుంచి చాలా రోజులు రాలేదంది పెద్దమ్మ. బదిలీ అయిపోయారు. రిటైరయ్యారు. ఆ మచ్చతోనే పోయారు.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడంటారు. గెలిచానని తెలియనివాళ్ళ సంగతి ఆ సామెత కట్టినవాడికి తట్టినట్టు లేదు. టైలరమ్మ వెనక గదిలోకి మారింది. ఆ గది కిటికీ ఎదురుగా పక్కింటి గోడ. వీధిలో పోయేవాళ్ళకి మిషను కనిపించదు కాబట్టి బేరాలు తగ్గాయి. పెద్దమ్మ మళ్ళీ రోజూ వెళ్ళి గుండీలు కుట్టేది. టైలరమ్మ వచ్చినవాళ్ళందరికీ ఆవిణ్ణి చూపించి, "ఆ రోజు మా వదిన తలుపు తీయకపోబట్టి ఈ గదైనా మిగిలింది. లేకపోతే రోడ్డున పడేదాన్ని" అనేది. పెద్దమ్మ బట్టలకి కుట్టుకూలి తీసుకునేది కాదు. ఆ కృతజ్ఞత ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఏళ్ళ తరబడి పెద్దమ్మ నెత్తిన పడుతూనే ఉంది.

"తర్వాతైనా చెప్పొచ్చుగా! కేసు అయిపోయిందిగా!" అని నేను అరిచాను.

"ఏమని చెప్పను? గెలిచిన ఇల్లు నీ చేతులతో నువ్వే ఇచ్చేశావనా? ఆ గదిలో పడుకుని రోజూ ఆ ముందు వసారా చూసుకోవాలే ఆవిడ" అంది పెద్దమ్మ.

చివరికి టైలరమ్మకి జబ్బు చేసింది. లేవలేని స్థితి. తినిపించడం, తుడవడం అంతా పెద్దమ్మే. ఒక మధ్యాహ్నం తల దువ్వుతుంటే టైలరమ్మ అడిగింది.

"వదినా, నువ్వు రిటైరయ్యావుగా. ఆ జడ్జీ లేడు. ఇప్పుడు చెబితే తప్పేం కాదు. ఓడిపోయాననే బాధ లేదు నాకు. నా గురించి ఏమని రాశాడు? ఊరికే తిండి తిని పడి ఉన్నానని రాశాడా?"

ఇన్నేళ్ళూ ఆ మాట ఆవిడ గుండెల్లో అలాగే ఉందన్నమాట. పెద్దమ్మ దువ్వెన ఆపింది. నిజం చెబితే ఇల్లు పోయిన సంగతి తెలుస్తుంది. చెప్పకపోతే, ఊరికే తిన్నదని జడ్జి రాశాడనుకునే ప్రాణం వదులుతుంది. పెద్దమ్మ మౌనాన్ని ఆవిడ ఎలా చదువుతుందో పెద్దమ్మకి ఒకసారి తెలిసొచ్చింది.

"లేదు వదినా" అంది. "పై కోర్టు తీర్పు అడ్డొచ్చింది. అందుకని ఇల్లు నీకు ఇవ్వలేకపోయారు. కానీ నీ గురించి ఇలా రాశారు." అని ఆ మాటలు చెప్పింది. మంచాన పడిన మనిషిని ఏళ్ళ తరబడి చూసుకున్న చేతులకు ఇచ్చినది దయ కాదు, అది ఆ చేతులు సంపాదించుకున్నది. అక్కడితో ఆపేసింది. మిగతా రెండు వాక్యాలూ మింగేసింది.

టైలరమ్మ మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పింది. మూడోసారి తనూ కలిసి పలికింది. తన చేతులు దుప్పటి మీదికి తీసి చూసుకుంది.

సర్వీసు మొత్తంలో పెద్దమ్మ బయటపెట్టిన తీర్పు అదొక్కటే. అది కూడా తలకిందులుగా.

"అంత మంచిగా రాసి కూడా నన్ను ఓడించాల్సొచ్చిందా?" అంది టైలరమ్మ కాసేపటికి. "పాపం, ఆయనెంత బాధపడ్డాడో."

"అవును వదినా. చాలా బాధపడ్డారు" అంది పెద్దమ్మ. ఆ మాట మాత్రం నిజమేనని నాతో చెప్పి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.